అమ్మవారి వాటా

మా అమ్మ నిడదవోలు ఊళ్ళో అందరినీ వాళ్ళ ముసలితనంలోనే చూసింది. పెళ్ళికొడుకులు, పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లలు, హైస్కూలు కుర్రాళ్ళు, పలక పట్టిన పసివాళ్ళు, ఎవరైనా సరే ఆవిడ ముందుకి తెల్లటి జుట్టుతో, నల్లటి ముఖంతోనే వచ్చేవారు. నెగటివ్‌లో అంతే కదా, నల్లనిది తెల్లగా, తెల్లనిది నల్లగా కనిపిస్తుంది. మా నాన్నకి స్టేషన్ రోడ్డులో ఫొటో స్టూడియో ఉండేది. ఆయన ఫొటోలు తీసి, నెగటివ్‌లు కడిగి, ఆరబెట్టి ఇంటికి తెస్తే, వాటి మీద పెన్సిలుతో ముఖాలు బాగుచేసే పని అమ్మది. ఆ పనిని మేం టచింగ్ అనేవాళ్ళం. అమ్మ స్టూడియో గడప తొక్కడం ఎప్పుడో పండక్కీ పబ్బానికీ. అందుకని ఏ పేరంటంలోనో ఎవరైనా ఎదురైతే కళ్ళు చికిలించి కాసేపు చూసి, "మీరాండీ! జుట్టు నల్లగా ఉండేసరికి పోల్చుకోలేకపోయాను" అనేసేది. అవతలావిడ ఏమనుకోవాలో తెలియక కొప్పు తడుముకునేది.

ఇప్పుడు అద్దంలో చూసుకుంటే నేను అచ్చం అమ్మ చేతిలో నెగటివ్‌లాగే ఉన్నాను. జుట్టు తెల్లబడిపోయింది. ముఖం నలుపు మాత్రం కొత్తగా వచ్చింది కాదు, అది నాన్న పోలిక. దానికి ఏ టచింగూ పనిచెయ్యదని అమ్మే చెప్పింది.

ఇదంతా మళ్ళీ తవ్వుకోవడానికి కారణం పోయిన నెలలో మా తమ్ముడు చేసిన ఫోను. స్టూడియో మూతపడి చాలా కాలమైంది. ఆ గదిని తమ్ముడు సెల్‌ఫోన్ల కొట్టుకి అద్దెకిచ్చాడు. నెగటివ్‌లున్న ట్రంకుపెట్టెలు పాతసామాన్లవాడికి ఇచ్చేస్తానంటే వాడితో దెబ్బలాడి, రాజమండ్రి తెచ్చుకుని, నా మంచం కింద పెట్టుకున్నాను. అవి ఎందుకు అని మా ఇంట్లో అందరూ అడిగారు. నేనూ సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. వాడు ఫోనులో, "అక్కా, నర్సాపురం అవతల నుంచి ఎవరో ఆవిడొచ్చింది. పాత ఫొటో పట్టుకొచ్చింది. వెనకాల మన స్టూడియో ముద్ర ఉంది. నెగటివ్ కావాలంట. నీ అడ్రసు ఇచ్చి రైలెక్కించాను, తిట్టకు" అన్నాడు. తిట్టాను. తిడుతూనే లేచి స్టవ్ మీద పాలు పెట్టాను.

వచ్చినావిడ పేరు నూకరత్నం. నాకంటే నాలుగైదేళ్ళు చిన్నది ఉంటుంది. వాళ్ళది సముద్రం ఒడ్డు ఊరు, తరతరాలుగా చేపలు పట్టే కుటుంబం. కూడా మనవరాలు దివ్య వచ్చింది, కాలేజీ పిల్ల. నూకరత్నం చెప్పులు గుమ్మం బయట కాదు, ఏకంగా మెట్ల దగ్గరే విడిచి, కాగితాల్లో గట్టిగా చుట్టిన ఎండురొయ్యల పొట్లం నా చేతిలో పెట్టింది. "ఊరికే రాకూడదు గదండీ అమ్మగారూ" అంది. ఎంత గట్టిగా చుట్టినా దాని వాసన లిఫ్టులోంచే మా ఇంట్లోకి వచ్చేసింది. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. చిన్నప్పుడు శనివారం సంతనాడు మా వీధంతా ఈ వాసనే ఉండేది.

కాసేపు మంచినీళ్ళు, ఎండల సంగతి, రైలు ఆలస్యం సంగతి అయ్యాక ఆవిడ సంచిలోంచి ఒక ఫొటో తీసింది. ఫ్రేము కట్టించిన పాత నలుపు తెలుపు ఫొటో. నడివయసు కూడా రాని ఆడమనిషి, ముఖాన పెద్ద బొట్టు, చెవులకి దుద్దులు, కెమెరాని కాక దాని పక్కన ఎవరినో చూస్తున్నట్టున్న చూపు. అద్దం పైటచెంగుతో తుడిచి నా ముందు పెట్టింది.

"ఈవిడ మా అమ్మండి. పేరు ఆదెమ్మ" అంది. మళ్ళీ తనే, "అమ్మేగానండి, అమ్మ కాదండి" అంది.

"అదేంటండీ?" అన్నాను.

"మా అమ్మ ముఖమంతా అమ్మవారి మచ్చలేనండి. చిన్నమ్మవారు కాదండి, పెద్దమ్మవారు పోసిందంట చిన్నప్పుడు. బుగ్గల మీద, నుదుటి మీద, ముక్కు మీద, ఎక్కడ చూసినా గుంటలేనండి. అమ్మ ఎండుచేపల గంప పట్టుకుని పాసింజరు రైల్లో మీ నిడదవోలు సంతకి వచ్చేదండి. వస్తే మళ్ళీ ఇంటికి రావడానికి రోజులు పట్టేది. నేను మా అమ్మమ్మ దగ్గర ఒకటే ఏడుపంట. అందుకని నేను ఏడిస్తే చూపించమని మీ స్టూడియోలో ఈ ఫొటో తీయించుకుని తెచ్చిందండి. అది చూసి నేను ఇంకా గట్టిగా ఏడ్చానంటండి. ఈవిడెవరో నున్నగా కోడిగుడ్డులాగ ఉంది, మా అమ్మ కాదని."

దివ్య నవ్వింది. ఈ కథ అది ఎన్నిసార్లు విన్నదో. నూకరత్నం నవ్వలేదు.

"అమ్మ పక్కలో పడుకుంటే, ఇదిగో ఇక్కడ, దవడ దగ్గర ఒక గుంట ఉండేదండి. అందులో బొటనవేలు పెడితేగాని నాకు నిద్రొచ్చేది కాదు. నాకు ఊహ సరిగ్గా తెలియకముందే అమ్మ జ్వరమొచ్చి పోయిందండి. ఇంకో ఫొటో లేదు. ఇన్నాళ్ళూ ఏమీ అనుకోలేదండి, కళ్ళు మూసుకుంటే ఆ ముఖం కనపడేది. ఈ మధ్యన ఏమైందో, కళ్ళు మూసుకుంటే ఈ ఫొటోయే వస్తోందండి. అమ్మ రావట్లేదు."

నేను ఫొటో ఒళ్ళోకి తీసుకున్నాను. ఆ ముఖాన్ని అంత నున్నగా చేసిన చెయ్యి ఎవరిదో నాకు తెలుసు. ఆ చెయ్యే నాకు అన్నం కలిపి పెట్టింది.

మా ఇంట్లో తూర్పువైపు కిటికీ అమ్మది. అక్కడ ఏటవాలుగా ఒక చిన్న బల్ల, బల్ల మధ్యలో గాజుపలక, కింద అద్దం. కిటికీ వెలుగు అద్దం మీద పడి గాజులోంచి పైకి వస్తుంది. గాజు మీద అరచేయంత నెగటివ్ పెట్టి, దాని మీద మందు రాసేది. గుగ్గిలాన్ని టర్పెంటైన్‌లో కరిగించి చేసిన మందు అది. అది రాయకపోతే ఫిల్ము మీద పెన్సిలు పట్టదు. ఆ వాసన మా చిన్నతనం వాసన. సగం గుడిలో ధూపంలాగ, సగం కొత్తగా రంగు వేసిన తలుపులాగ ఉండేది. బళ్ళో మా పుస్తకాలు కూడా అదే వాసన వేసేవి. పెన్సిలు మొనని గరుకు కాగితం మీద తిప్పి తిప్పి సూదిలా చేసేది. ఆ సూదితో ముఖం మీద మచ్చ ఉన్నచోట, అంటే నెగటివ్‌లో తేటగా కనిపించేచోట, కంటికి ఆనని చిన్న చిన్న గీతలు గీసి నింపేది. నింపినచోట ఫొటోలో చర్మం నున్నగా వస్తుంది. గీస్తున్నంతసేపూ ఆ ముఖంతో మాట్లాడుతూనే ఉండేది. "ఏంటమ్మా అంత కోపం? కాస్త నవ్వితే మీ సొమ్మేం పోయింది? ఇదిగో బాబూ, ఆ మొటిమ గిల్లొద్దని మీ అమ్మ చెప్పలేదూ?" అనేది. వాళ్ళు తిరిగి ఏమీ అనరు కాబట్టి, నాన్నతో మాట్లాడటం కంటే అదే సుఖమనేది.

ఆ పని ఉన్న రోజుల్లో ఇల్లంతా దానికి లోబడి నడవాల్సిందే. అమ్మ తలకి నూనె రాసుకోదు, వేలి జిడ్డు ఫిల్ముకి అంటుతుందని. పచ్చడి నూరదు, కారం చేతులని. ఉల్లిపాయ తరగదు, కంట్లో నీళ్ళొస్తే చూపు చెదురుతుందని. అందుకని ఆ రోజుల్లో మాకు పప్పు, చారు, మళ్ళీ పప్పు. పెళ్ళిళ్ళ కాలమైతే ఇంక చెప్పక్కర్లేదు. నాయనమ్మ కంచం ముందు కూర్చుని, "ఊళ్ళో వాళ్ళ ముఖాలన్నీ బాగుపడుతున్నాయి, మన కూరలే చెడిపోతున్నాయి" అనేది. ఆవిడకి నెగటివ్‌లంటే పడేది కాదు. దెయ్యాల అట్టలు అనేది. సాయంత్రం దీపం పెట్టాక అవి బయట ఉండటానికి వీల్లేదు, పెట్టెలో పడుకోవాలి. ఆవిడ చెప్పకపోయినా వెలుగుండదు కాబట్టి అమ్మ ఎలాగూ ఆపేసేది. కానీ అత్తగారి మాటకి విలువిచ్చినట్టు, "అలాగేనండి అత్తయ్యా" అని మరీ ఆపేది. మా అమ్మ తెలివి అంతా ఇలాంటి చోట్ల ఉండేది.

ఒక్కొక్కసారి చెయ్యి తప్పేది. కన్ను పక్కన ఒక గీత ఎక్కువ పడితే ఆ మనిషికి వాపు వచ్చినట్టు ఉంటుంది. మేమైతే అయ్యో అంతా పోయిందే అని గుండెలు బాదుకునేవాళ్ళం. అమ్మ మాత్రం దూది టర్పెంటైన్‌లో ముంచి, ఒక్క తుడుపు తుడిచి మళ్ళీ మొదలెట్టేది. "పోయేది నా గీతలే. కింద ముఖం ఎక్కడికీ పోదు" అనేది. వంటలో ఉప్పెక్కువైనా, మాకు లెక్కల్లో మార్కులు తక్కువైనా, నాన్న అలిగి అన్నం మానేసినా అదే మాట. కింద ముఖం ఎక్కడికీ పోదు. విని విని మాకు విసుగొచ్చేది.

అమ్మవారి మచ్చల సంగతి వేరే. ఆ రోజుల్లో ఊళ్ళో చాలామందికి అవి ఉండేవి. అమ్మ టచింగ్ నేర్చుకున్న కొత్తలో ఒక కొత్తకోడలి ముఖం మీద మచ్చలన్నీ ఒక్కటి కూడా లేకుండా నింపేసిందట. నాన్న మురిసిపోయి ఆ ఫొటోని స్టూడియో గాజుబీరువాలో పెట్టారు. ఆ వారంలోనే మా తమ్ముడికి ఆటలమ్మ పోసింది. ఊళ్ళో సగం మంది పిల్లలకి పోసింది లెండి, కానీ మా నాయనమ్మకి కారణం దొరికిపోయింది. గుమ్మానికి వేపమండలు కడుతూనే అందుకుంది. "అమ్మవారు వచ్చి ముఖాన ముత్యాలు పోసి వెళ్తే, నువ్వు పెన్సిలు ముక్క పట్టుకుని చెరిపేశావు. ఆవిడ ఊరుకుంటుందా? ఆవిడ వాటా ఆవిడకి వదలవే అమ్మాయ్!" అంది. తమ్ముడికి తగ్గి నీళ్ళు పోశాక అమ్మ చలిమిడీ, పెరుగన్నం నైవేద్యం పెట్టి మొక్కుకుంది. అప్పటి నుంచి ఏ ముఖం మీదైనా సరే, అమ్మవారి మచ్చ ఒక్కటి వదిలేసేది. పసిపిల్లలకి బుగ్గన పెట్టే దిష్టిచుక్కలాగ ఒక్కటే.

నాన్నకి అది కంటిలో నలుసులా ఉండేది. నెగటివ్‌ని వెలుగుకి పట్టి, "ఇదిగో, ఇక్కడ ఒకటి మిగిలిపోయింది చూడు" అనేవారు.

"మిగిలిపోలేదండి. మిగిల్చాను" అనేది అమ్మ.

ఆదెమ్మ ఫొటోలో ఎడమకంటి కింద ఆ ఒక్కటీ ఉంది. నేను అది చూపించి, అమ్మ సంగతీ నాయనమ్మ సంగతీ అమ్మవారి వాటా సంగతీ చెప్పాను. నూకరత్నం రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని విన్నది. "అలాగాండీ! ఆ ఒక్క మచ్చ ఉండబట్టే చివరికి ఊరుకున్నానంటండి నేను. అది చూపించి, ఇదిగో మీ అమ్మే అనేదంట మా అమ్మమ్మ. ఆ మచ్చ మీద ముద్దు పెట్టి పెట్టి అద్దం అక్కడ మసకేసిపోయిందండి" అంది. నిజంగానే అక్కడ అద్దం మసకగా ఉంది. అమ్మ ఉంటే నాయనమ్మ గెలిచిందని ఒప్పుకునేది.

సరే, వెతకాలి. ఫ్రేము వెనక అట్ట తీసి చూస్తే, నెగటివ్ నెంబరు ఉండాల్సిన చోటుని చెమ్మ తినేసింది. మా ముద్ర ఒక్కటే మిగిలింది. మంచం కింది పెట్టెలు లాగి ముగ్గురం నేల మీద కూర్చున్నాం. నేను కిటికీకి పట్టి చూడటం మొదలెడితే దివ్య, "అలా కాదు మామ్మగారూ" అని తన ఫోను తెరని తెల్లగా వెలిగించి నేల మీద పెట్టి, దాని మీద ఒక్కొక్క నెగటివ్ పరిచింది. నేను ఉలిక్కిపడ్డాను. కింది నుంచి వెలుగు, పైన ఫిల్ము. అమ్మ బల్ల అరచేతిలోకి వచ్చేసింది. ఒక్కొక్క ముఖం తెల్లటి జుట్టుతో పైకి లేస్తూ వచ్చింది. వీళ్ళలో చాలామంది నాకు తెలుసు. కొందరు నిజంగానే జుట్టు తెల్లబడేదాకా ఉన్నారు. అప్పుడు అమ్మకి కనపడినట్టే ఉన్నారో లేదో అడగడానికి అమ్మ లేదు.

నూకరత్నానికి నెగటివ్‌లో ఏదీ ముఖంలా కనపడలేదు. "అందరూ ఒక్కలాగే ఉన్నారండి, పితృదేవతల్లాగ" అని వెనక్కి జరిగింది. అందుకని గుర్తులు పట్టుకున్నాం. పెద్ద బొట్టు, దుద్దులు, ఎడమకంటి కింద ఒక తేట చుక్క. పొద్దు వాలేవేళకి దివ్య చేతిలోకి ఒకటి వచ్చింది. చూసి, "బొట్టూ దుద్దులూ సరిపోయాయి గానీ మచ్చ కుడికంటి కింద ఉంది. పైగా ఈవిడ కుడిపైట వేసుకుంది. ఈవిడ కాదు" అని పక్కన పెట్టేసింది.

నేను ఇంకో రెండు మూడు చూశాక నా బుర్రలో దీపం వెలిగింది. "కుడిపైటా? మన వైపు ఏ ఆడదైనా కుడిపైట వేస్తుందటే? నెగటివ్ బోర్లా పెట్టావు తల్లీ, తిప్పు!" అన్నాను. అమ్మ ఎప్పుడూ ముందు చూసేది అదే, పైట ఏ భుజాన ఉందోనని. దివ్య నాలిక కరుచుకుని తిప్పింది. పైట ఎడమ భుజం మీదికి వచ్చింది. చుక్క ఎడమకంటి కిందికి వచ్చింది. ఆదెమ్మ వచ్చింది.

నూకరత్నం వంగి చాలాసేపు చూసింది. తెల్లటి జుట్టు, నల్లటి ముఖం. "మా అమ్మ ముసలిదైతే ఇలా ఉండేదేమోనండి. ఆ భాగ్యం దానికి లేకపోయింది. నాకైనా చూసే రాత ఉంది" అంది.

నేను భూతద్దం పెట్టి చూశాను. బుగ్గల నిండా, నుదుటి నిండా అమ్మ గీతలు. కామాల్లాంటి బుల్లి గీతలు, ఒకదాని పక్కన ఒకటి, ఎక్కడా తొందర లేకుండా. మా అమ్మ ఎవరికీ ఉత్తరం రాసిన మనిషి కాదు. వానాకాలం చదువు ఆవిడది. సంతకం కూడా నాన్నే దగ్గరుండి పెట్టించేవారు. ఆవిడ చేతిరాత అంటూ ఈ లోకంలో ఏమైనా ఉంటే అది ఈ పెట్టెల్లో ఊరివాళ్ళ ముఖాల మీదే ఉంది. వీటిని ఎందుకు దాచుకున్నానని అడిగినవాళ్ళకి చెప్పాల్సిన జవాబు అదే, నాకు అప్పుడు తట్టింది. సరిగ్గా అప్పుడే, తుడిచెయ్యాల్సిన సమయంలో.

ఆ గీతల కింద ఆదెమ్మ అసలు ముఖం ఉంది. ఒక్క దూది ముక్క చాలు. ఆ సంగతి వాళ్ళిద్దరికీ తెలియదు. నెగటివ్ దొరికితే ఏదో చెయ్యొచ్చని వచ్చారంతే, ఏం చెయ్యాలో తెలియదు. నేను టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళాను. టీ పొంగి స్టవ్ మీద పడింది. తుడుస్తూ నిలబడ్డాను. ఆవిడకి అమ్మ ముఖం, నాకు అమ్మ చెయ్యి. రెండూ ఒకే ఫిల్ము ముక్క మీద ఇరుక్కున్నాయి. మా ఇంట్లో పెట్టెల నిండా ఉన్నాయి గదా, ఒక్కటి పోతే ఏమైందని మీరు అనొచ్చు. ఎవరి అమ్మ గీతలు వాళ్ళకి ఎన్నున్నా ఎక్కువ కావు. కానీ అమ్మే ఉంటే ఏం చేసేదో నాకు బాగా తెలుసు. అన్ని వేలసార్లు విసుగొచ్చేలా విన్న మాట, ఇప్పుడు స్టవ్ తుడుస్తుంటే విసుగు రాలేదు. పోయేది నా గీతలే.

టీ ఇచ్చి, ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఇవి మా అమ్మ గీతలు, టర్పెంటైన్‌తో తుడిస్తే పోతాయి, కింద మీ అమ్మ ఉంటుంది అని. నూకరత్నం ముఖం వెలిగింది. తర్వాత భూతద్దం తీసుకుని నెగటివ్ మీద పెట్టుకుంది. చూసి చూసి, ఆ వెలుగు మెల్లగా తగ్గింది.

"ఇన్ని గీతలాండీ? ఇన్నీ మా అమ్మ కోసం గీశారా మీ అమ్మగారు?"

"అవునండి."

"వద్దులెండి అక్కగారూ. తుడవద్దండి. అంత కష్టపడి గీసింది చెరిపితే పాపమండి" అంది. అంతవరకూ అమ్మగారూ అన్న మనిషి అక్కగారూ అంది.

"పర్లేదండి, తుడుద్దాం."

"వద్దండి. ఇది చూశాను, నాకు చాలండి."

"మీరు అంత దూరం నుంచి వచ్చింది చూసి పోవడానికా?"

"అయ్యో, మీ అమ్మగారి చెయ్యండి అది!"

ఇలా కాసేపు మర్యాదలు నడిచాయి. మా వైపు పెళ్ళిబంతిలో ఇంకో గారె వడ్డిస్తామంటే వద్దని ఆకు మీద చేతులు అడ్డం పెట్టినట్టు, ఇద్దరం ఆ ఫిల్ము ముక్క మీద చేతులు అడ్డం పెట్టుకుని కూర్చున్నాం. మధ్యలో దివ్య తల పట్టుకుని, "మీరిద్దరూ ఆగండి. ముందు ఉన్నది ఉన్నట్టు ఫొటో తీసేస్తాను" అని నా ఫోను తెర వెలిగించి నెగటివ్ కింద పెట్టి, తన ఫోనుతో దగ్గర నుంచి, దూరం నుంచి ఫొటోలు తీసి నాకు పంపించింది. "మీ అమ్మగారి గీతలన్నీ మీ ఫోన్లో ఉన్నాయి మామ్మగారూ, పెద్దవి చేసి చూసుకోవచ్చు" అంది. తెర మీద వేళ్ళతో విడదీసి చూపిస్తే ఒక్కొక్క గీతా అగ్గిపుల్లంత కనపడింది. అమ్మ కూడా వాటిని అంత పెద్దగా చూసి ఉండదు.

అప్పుడు నూకరత్నం ఒప్పుకుంది. కానీ ఒక షరతు పెట్టింది. "మీ అమ్మగారు మా అమ్మవారికి ఒకటి వదిలారు గదండీ. మీ అమ్మగారికి కూడా ఒకటి వదలండి. అన్నీ తుడవకండి" అంది.

అమ్మవారికి ఒకటి, అమ్మగారికి ఒకటి. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. తలుపులకి రంగు వేసినప్పుడు మిగిలిన టర్పెంటైన్ సీసా వెనక బాల్కనీలో ఉంది. మూత తీయగానే చిన్నప్పటి కిటికీ వచ్చి ఎదురుగా నిలబడింది. దూది తడిపి, పిండి, అమ్మ ఎలా తుడిచేదో అలాగే అద్దినట్టు అద్దినట్టు తుడిచాను. దూది బూడిదరంగుకి తిరిగింది. బుగ్గలు, ముక్కు, దవడ. నుదుటి మీదికి వచ్చి, పాపిడి మొదట్లో ఒక్క గుంటని ముట్టుకోకుండా వదిలేశాను. అక్కడ అమ్మ గీతలు అలాగే ఉన్నాయి. ఆ దూది పారెయ్యలేదు. కాగితంలో పెట్టి దేవుడి గూట్లో పెట్టాను. నాయనమ్మ చూస్తే దెయ్యాల దూది అనేది.

దివ్య మళ్ళీ ఫొటో తీసి, నలుపుని తెలుపు చేసి, తెలుపుని నలుపు చేసి వాళ్ళ అమ్మమ్మ ముందు పెట్టింది. నూకరత్నం చూసి, "మళ్ళీ కోడిగుడ్డే వచ్చిందేంటే?" అంది నీరసంగా. ముఖం మళ్ళీ నున్నగా ఉంది. కంటి కింద మచ్చ కూడా లేదు. దివ్య తెర వంక చూసి, "అయ్యో, ఇది దానంతటదే స్కిన్ స్మూత్ చేసేస్తుంది. నా సెల్ఫీల కోసం పెట్టుకున్నాను" అని సిగ్గుపడింది. ఆ పిల్ల బుగ్గ మీద రెండు మొటిమలు ఎర్రబడ్డాయి. "మా అమ్మ ఒక్కటైనా వదిలేదే. నీ ఫోను అమ్మవారి వాటా కూడా మింగేసింది" అన్నాను. దానికి నవ్వొచ్చింది. మా అమ్మకి ఒక ముఖానికి ఒక పూట పట్టేది, దీనికి రెప్పపాటు కూడా పట్టలేదు. కానీ ఒకటి ఒప్పుకోవాలి. ఆదెమ్మ చేతిలో ఇలాంటి ఫోను ఒకటి ఉంటే, నిడదవోలు సంతలోంచి రోజూ పిల్లకి తన ముఖం తనే చూపించుకునేది, ఏ గుంటా చెరపకుండా. పాతవన్నీ మంచివని నేనెప్పుడూ అనను.

దివ్య ఏదో నొక్కి ఆ సంగతి ఆపేసింది. మళ్ళీ ముందు నుంచి చేసింది.

ఈసారి వచ్చిన మనిషి వేరు. ముఖం నిండా గుంటలు. స్టూడియో దీపాల వెలుగు ఒక్కొక్క గుంట అంచు మీదా నిలబడింది. ఆ గుంటలతో కలిసి చూస్తే చూపు మారిపోయింది. పక్కకి చూస్తున్న ఆ కళ్ళల్లో బెరుకు లేదు, తొందర ఉంది. రైలు దాటిపోతుందేమోనని ఎవరినో అడుగుతున్నట్టుంది. నుదుటి మీద, పాపిడి మొదట్లో, ఒక్కచోట మాత్రం నున్నగా మెరిసింది. నేను అది ఎవరికీ చూపించలేదు. నూకరత్నమే వేలు పెట్టి, "మీ అమ్మగారు" అంది.

తర్వాత ఆవిడ ఫోను నేల మీద బోర్లా పెట్టేసింది. పెట్టి కళ్ళు మూసుకుంది. నేనూ దివ్యా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. గదిలో టర్పెంటైన్ వాసన, ఎండురొయ్యల వాసన, చల్లారిన టీ వాసన. కాసేపటికి ఆవిడ కుడిచెయ్యి ఒళ్ళోంచి మెల్లగా పైకి లేచింది. పక్కలో పడుకున్న పసిపిల్ల అమ్మ ముఖం తడుముకున్నట్టు గాలిలో తడుముకుంటూ పోయి, ఒకచోట బొటనవేలు ఆగింది.

"వచ్చిందండి" అంది.